నలభై ఒకటో నిమిషంలోని పత్రిక

ఒక హిందీ సినిమాలో నలభై ఒకటో నిమిషం పన్నెండో సెకనున కథానాయిక చేతిలో కనిపించే ఫ్యాషన్ పత్రిక ఏ సంవత్సరం ఏ నెల సంచిక అన్నది తెలుసుకోకుండానే మానవజాతి ఇన్నాళ్లూ పంటలు పండించింది, వంతెనలు కట్టింది, పిల్లల పెళ్లిళ్లు చేసింది. ఈ ఘోర నిర్లక్ష్యాన్ని సరిదిద్దడానికే చలనచిత్ర పత్రికా నిర్ధారణ సమితి ఏర్పడింది. (సమితికి కార్యాలయం లేదు. ఫోనులో ఒక బృందం, పదిహేడు మంది సభ్యులు, నలభై మూడు నిబంధనలు ఉన్నాయి.)

ఆ పదిహేడు మందిలో ఒకరు భౌతికశాస్త్రం మాస్టారు. ముప్పై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పి, సెలవుల్లో దయ్యాల కొంపలని పేరుపడిన ఇళ్లకు వెళ్లి, అటక మీదికెక్కి చూసి, "ఎలుకలు" అని ప్రకటించి దిగివచ్చిన మనిషి. పదవీ విరమణ చేశాక ఆయన అభిప్రాయం అడిగేవారే కరువయ్యారు. సమితి మాత్రం రోజుకు నాలుగుసార్లు అడిగేది. ఆయన రోజుకు నాలుగుసార్లు గొంతు సవరించుకునేవారు.

సినిమా చూడడం సభ్యుల విధుల్లో లేదు. ఏడో నిబంధన ప్రకారం పత్రిక మినహా తెర మీది సమస్తాన్నీ కత్తిరించి, మిగిలిన ముక్కను మాత్రమే పరిశీలనకు పెట్టాలి. కథానాయిక ముఖం వంటి అప్రస్తుత విషయాలు శాస్త్రీయ దృష్టిని చెదరగొడతాయి. (ఆ సినిమాలో చివరికి ఎవరు ఎవరిని పెళ్లాడారని అడిగిన ఒక సభ్యుణ్ణి మొదటి తప్పుగా మందలించి వదిలిపెట్టారు.)

సమితి పంపిన ముక్కను మాస్టారు గోడంత పెంచి చూశారు. పత్రిక పేరును కథానాయిక వేళ్లు కప్పేశాయి, కింది అక్షరాలను పూలకుండీ మింగేసింది. మిగిలింది అట్ట మీది అమ్మాయి: చారల చొక్కా, బుగ్గ మీద పుట్టుమచ్చ, ఒక చెవికే వేలాడుతున్న లోలాకు. ఎనిమిది నెలలు పాత పుస్తకాల దుకాణాల్లో దుమ్ము పీల్చి, తుమ్మి, చివరికి ఒక గుట్ట అడుగున ఆయన ఆ సంచికను పట్టుకున్నారు. అదే అమ్మాయి, అదే చొక్కా. కాని పుట్టుమచ్చ రెండో బుగ్గ మీద ఉంది. లోలాకు రెండో చెవికి ఉంది. పాపిట కూడా అటుది ఇటు అయింది.

ఇంత క్రమశిక్షణతో జరిగిన తారుమారు యాదృచ్ఛికం కాజాలదు గనుక, ఆ పత్రికవారు అదే నెలలో రహస్యంగా రెండో కూర్పు వెలువరించారని మాస్టారు తొమ్మిది పేజీల వ్యాసంలో నిరూపించారు. సమితి ఏకగ్రీవంగా ఆమోదించి, ఆయనను ప్రధాన నిర్ధారకుణ్ణి చేసింది. వారం తిరిగేసరికి ముగ్గురు సభ్యులు రెండో కూర్పును స్వయంగా చూశామని ధ్రువీకరించారు. ఒకాయన పళ్ల డాక్టరు దగ్గర చూశాడు. ఒకావిడ పెద్దమ్మ ఇంట్లో ఉండేదట. మూడో ఆయన దగ్గర ఇప్పటికీ ఉంది; ఇంటికి సున్నాలు వేయడం పూర్తికాగానే బయటికి తీస్తాడు.

మాస్టారి భార్య ఆడవాళ్ల దుస్తులు కుట్టే దుకాణం ఇరవై ఆరేళ్లు నడిపిన మనిషి. టేపు కోసం వెతుకుతూ, బల్ల మీద పరిచిన సినిమా ముక్క దగ్గర ఆగింది.

"ఏమండీ, ఈ చొక్కా ఎవరు కుట్టారు?"

"అది పరిశోధన. ముట్టుకోకు."

"ఆడవాళ్ల చొక్కాకి గుండీల దగ్గర కుడి పట్టీ పైకి రావాలి. ఇక్కడ ఎడమది పైకొచ్చింది. అంత గొప్ప పత్రికవాళ్లు పిల్లకి మగాళ్ల చొక్కా తొడిగి నిలబెట్టారా?"

"అదే మరి. రెండో కూర్పులో..."

"నా బొంద కూర్పు! అది అద్దంలో బొమ్మండీ. ట్రయలు గదిలో రోజూ చూసేదాన్ని."

మాస్టారు ఆ సినిమాను మొదటిసారిగా ఇరవై సెకన్లు వెనక్కి జరిపారు. కథానాయిక మనకు వీపు పెట్టి కూర్చుని ఉంది. ఎదుట నిలువెత్తు అద్దం. చేతిలోని పత్రిక అట్ట అద్దం వైపు తిరిగి ఉంది. కెమెరా నింపాదిగా అద్దంలోకి వెళ్లింది.

"పార్శ్వ విలోమం" అన్నారాయన హీనస్వరంతో.

"అదేగా ముప్పై నాలుగేళ్లు చెప్పారు? ఒక్కడైనా పాసయ్యాడా?"

ఆయన వెంటనే సమితి కార్యదర్శికి ఫోను చేశారు. జనన మరణాల నమోదు శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, ఒకసారి పుట్టిన దాన్ని పుట్టలేదనడం ఎరగనివాడు.

"పొరపాటంటే కుదరదు మాస్టారూ. కొట్టివేత దరఖాస్తు పెట్టండి."

"ఎవరు పరిశీలిస్తారు?"

"ప్రధాన నిర్ధారకులు."

"అంటే నేనే కదండీ!"

"మీకన్నా నిష్పక్షపాతి ఎవరున్నారు చెప్పండి? కాకపోతే, ఆమోదిస్తే పదవి కూడా రద్దవుతుంది. పోతే పోయింది లెండి. ఆ తరువాత ఇక మిమ్మల్ని ఏదీ అడిగి ఇబ్బంది పెట్టం."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. అవతల అప్పటికే ఫోను పెట్టేశారు.

తరువాత బల్లకు ఇటువైపు కూర్చుని దరఖాస్తు రాశారు. అద్దం కనిపించే చిత్రాన్ని జతచేశారు. లేచి మంచినీళ్లు తాగి, అటువైపు కుర్చీలో కూర్చుని, కళ్లజోడు మార్చి, దరఖాస్తును స్వీకరించారు. అద్దం పత్రిక కాదు గనుక ఏడో నిబంధన ప్రకారం కత్తిరించారు. కత్తిరించగా మిగిలిన ముక్క రెండో కూర్పునే బలపరిచింది. దరఖాస్తుదారు తరఫు సాక్షి ఒక్కరే, పైగా సొంత భార్య. రెండో కూర్పుకు ముగ్గురు.

"ఏం చేశారు?" అంది భార్య గుమ్మంలోంచి.

"తిరస్కరించాను."

"ఎవర్ని?"

మాస్టారు అప్పటికే అభిప్రాయాల గడి నింపుతున్నారు: "దరఖాస్తుదారు సజ్జనుడే గాని, చెప్పుడు మాటలకు లొంగే స్వభావం ఉన్నట్టు కనిపిస్తున్నది. హైస్కూలు భౌతికశాస్త్రం ఒకసారి తిరగేయవలసిందిగా సూచించడమైనది."