దేశానికి బరువు కాని గుండె

గుండెజబ్బు రావలసినవాళ్లకే వస్తే దేశానికి పైసా నష్టం లేదు! నవ్వకండి. నాంపల్లిలో గణాంకాల ఆఫీసులో పనిచేసే విశ్వనాథ్ గారు గుండెజబ్బుల వల్ల దేశానికయ్యే నష్టంపై రిపోర్టు రాస్తూ, ఆరు నెలలు కూర్చుని లెక్కగట్టి తేల్చిన సత్యమిది.

గుమాస్తాకు గుండెపోటు వచ్చిందనుకోండి. సెలవు రోజులు, ఆ రోజుల జీతం, కదలని ఫైళ్లు... అన్నీ కలిపితే దేశం నడ్డి విరుగుతుంది. అదే ఇల్లాలికి వస్తే? జీతం లేదు, సెలవు లేదు, ఆగిపోయే ఫైలూ లేదు. నష్టం సున్నా! ఈ జబ్బును ఇల్లాళ్లవైపు మళ్లించగలిగితే బడ్జెట్ ఎంత తేలికపడుతుందో ఆలోచించండి. ఆ సిఫారసు రిపోర్టు చివర చేర్చాలని ఆయన తెగ ఉవ్విళ్లూరారు.

ఈ సూత్రం ఆయన ఇంట్లో ముందే అమల్లో ఉంది. మిర్చిబజ్జీలు తిన్న సాయంత్రం ఆయనకు ఛాతీలో చురుక్కుమంటే గంటలో ఈసీజీ తీయించుకున్నారు. భార్య కామాక్షికి మాత్రం అబిడ్స్‌లోని ఇంటి మూడంతస్తులూ ఎక్కుతుంటే రెండు నెలలుగా ఆయాసం, ఎడమచెయ్యి లాగుడు. "గ్యాసేలే. రిపోర్టు ఇచ్చేశాక చూపిద్దాం" అన్నారాయన. పాపం, ఆవిడా సరేనంది. కూరల సంచీతో ఎక్కుతూనే ఉంది, రెండో అంతస్తులో కూలబడేదాకా.

ప్రాణం దక్కింది. రెండు స్టెంట్లు వేసి, నెలపాటు చీపురు కూడా ముట్టుకోవద్దన్నారు. ఆసుపత్రి ఫారంలో 'రోగి చేసే పని' అన్నచోట విశ్వనాథ్ గారు అలవాటు కొద్దీ 'ఏమీ లేదు' అని రాశారు.

ఇంటికొచ్చాక ఆ 'ఏమీ లేదు' ఆయనకు తెల్లవారుజామున ఐదింటికి పాలప్యాకెట్‌తో మొదలైంది. కాఫీ, టిఫిను, అంట్లు, మంచినీళ్లు పట్టడం, బట్టలు, ఆయన తల్లికి ఇన్సులిన్ సూది, మళ్లీ అంట్లు. మూడోరోజుకి నడుం పట్టేసింది. 'ఇంట్లో పని ఎక్కువగా ఉన్నందున' ఇరవై రోజుల సెలవు కావాలని అర్జీ పెట్టుకున్నారు.

పై అధికారి నర్మద గారు అర్జీ చదివి, పక్కనే ఉన్న రిపోర్టు తిరగేశారు.

"ఇంట్ల ఆడోళ్లు చేసేది లెక్కకు రాదని మీరే రాసిన్రు గద సార్. మరి గా పనికి మీకు ఇరవై రోజుల లీవ్ ఎందుకు?"



సెలవు మాత్రం మంజూరైంది. ఆ ఇరవై రోజులూ రిపోర్టులో గుండెజబ్బు వల్ల దేశానికి వాటిల్లిన నష్టంలో చేరాయి, విశ్వనాథ్ గారి పేరు మీద. కామాక్షి పేరు ఎదుట సున్నా అలాగే ఉంది.