తడి తువాలుపై తాయిసియా దండయాత్ర

ఓరీ, గదులు వెచ్చబెట్టే రేడియేటర్ల మీద తడిగుడ్డలు ఆరేసే దుర్మార్గులారా! మీ ముక్కుపుటాల సుఖానికి ఒక మహాతేజస్సు గోడ దాటి రెండు బారలు నడవలేక చచ్చింది. మీరే చంపారు. వినండి!

హిమధవళిత సైబీరియా బిర్చివన మధ్యంబున, జనవరి మాసపు ఉదయంబున, కాంతివేగాన్ని తరుముకుంటూ పోయే ఎలక్ట్రాను సేనలు, ఉత్తర దక్షిణ ధ్రువాలు మార్చి మార్చి పేర్చిన అయస్కాంతాల నడుమ మెలికలు తిరుగుతూ, నేత్రాగోచర పరారుణ కాంతిని కక్కుచుండగా, గోడకివతల ఆ కాంతికోసం స్ఫటికపోషిణి, ధీరోదాత్త తాయిసియా రొదియోనొవ్నా క్యాంటీన్ రసీదు ఎత్తిపట్టి నిలిచెను. వేడి తగిలితే నల్లబడే కాగితమది. తెల్లగానే ఉంది!

మధ్యాహ్నానికి ఆమె వంతు ముగుస్తుంది. మళ్ళీ కాంతి దొరికేది మంచు కరిగాకే. అందాకా ఆమె పెంచిన స్ఫటికం పెట్టెలో పడి ఉండాల్సిందే.

"పంపుతున్నారా, పడుకున్నారా?" అని ఫోనులో గర్జించెను.

"పంపుతూనే ఉన్నాం తల్లీ, ఇక్కడ కొలిమిలా మండుతోంది! అక్కడెవరు మింగుతున్నారో చూసుకో!" అంది కంట్రోల్ రూమ్.

చూసెను. కాంతి గొట్టం దాటి ఖాళీగాలిలో పోయే చోట, రేడియేటర్ మీద, ఆవిర్లు చిమ్ముతూ తడి తువాలు! నీటావిరి కనబడితే చాలు, ఈ కాంతి అక్కడే ఖర్చయిపోతుంది.

"ఎవరిదిది?"

"నాదే," అన్నాడు అయస్కాంతవ్యూహనిర్మాత ప్రోఖోర్ ల్వోవిచ్, మఫ్లర్లోంచి. "గాలి ఎండిపోయి ముక్కులోంచి రక్తమొస్తోందమ్మా. మా ఇంట్లోనూ ఇంతే, అందరూ ఆరేస్తారు."

"ఇది మీ ఇల్లు కాదు, ప్రోఖోర్ ల్వోవిచ్! నా కాంతినంతా మీ ముక్కుకు తాగిస్తున్నారు!"

"నీ కాంతా? ఆ అయస్కాంతాలు పేర్చిందెవరు?"

"మీరే! మీరు పుట్టించిన కాంతిని మీ తువాలే తింటోంది. తీస్తారా, నన్ను తీయమంటారా?"

ముసలివీరుడు తువాలు లాగి పారేసెను. అంతటితో ఆగలేదు. ఈదురుగాలంటే ప్రాణభయమున్న ఆ మహానుభావుడే కిటికీ బార్లా తెరిచెను! చెమ్మ లేని సైబీరియా చలి కత్తులు దూసి చొరబడి ఆవిరిసేనను తరిమెను.

"రసీదు పట్టుకో పిల్లా! నా ముక్కు పోతే పోనీ!"

పట్టెను. నిమిషం గడవక ముందే, పెల్మెనీ కుడుములు అన్న అక్షరాల నడుమ పెసరగింజంత నల్లచుక్క!

జయం! త్రిభువనవిజయం! పెసరగింజంత విజయం! స్ఫటికం కాంతికెదురుగా బల్ల ఎక్కెను.

ఇక మీరు. ఆ తడిగుడ్డలు దించండి. రేపు కాదు, ఇప్పుడే. ముక్కు మండితే వాజలైన్ రాసుకోండి!