‘సోమవారం’ పత్రికకు పాఠకులు వద్దు

పత్రిక పెట్టాలనుకునే వారికి ముందుగా ఒక శుభవార్త. దాన్ని ఎవరూ చదవరు!

ఈ మాట విని దిగులుపడేవారు ఈ రంగానికి కొత్త. పాఠకుడు లేకపోవడమంత అదృష్టం సంపాదకుడికి మరొకటి లేదు. తప్పులు పట్టేవాడు ఉండడు. లాయర్ నోటీసు రాదు. ‘మా తాతగారి గురించి అలా ఎలా రాస్తారు’ అని గుమ్మంలోకి ఎవరూ రారు. మీరైనా ఇక్కడి దాకా చదివారని నాకు నమ్మకం లేదు కాబట్టి, సంగారెడ్డి పక్కన పోతిరెడ్డిపల్లిలో ఉండే బాలప్ప సంగతి ధైర్యంగా చెప్పేస్తాను.

బాలప్ప గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో ఇరవై ఆరేళ్లు పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యాడు. ఆయన పని రికార్డులు సరిచూడటం. అంటే, కార్మికులు గంటగంటకూ రాసిన లాగ్ పేజీల కింద ‘సరిచూసిన’ అని సంతకం పెట్టడం. సరిచూడటం ఒక పని, సంతకం పెట్టడం ఇంకో పని అని, రెంటినీ కలిపితే కంపెనీ నడవదని ఆయన చేరిన మొదటి వారంలోనే గ్రహించాడు. ఒక్క టీ తాగే లోపల నలభై పేజీలు సరిచూడగలిగేవాడు. కప్పు కింద పెట్టాల్సిన అవసరం కూడా ఉండేది కాదు.

మనిషి కథోలికుడు. ఆదివారం పూజ తప్పడు. రిటైరైన నెలకే ఆయనకు పత్రిక పెట్టాలని బుద్ధి పుట్టింది. పేరు ‘సోమవారం’.

ఆ పేరెందుకంటారా? ఆదివారం గుడిలో అందరూ పుణ్యాత్ములే. ఇస్త్రీ చొక్కా, చేతిలో జపమాల, పక్కవాడికి ‘సమాధానం కలుగుగాక’ అని చెప్పేటప్పుడు మొహాన చిరునవ్వు. అసలు సంగతి సోమవారం పొద్దున కంపెనీ బస్సెక్కాక బయటపడుతుంది. ఆ సోమవారం నుంచి శనివారం దాకా కథోలికుడు ఎలా బతుకుతున్నాడన్నదే పత్రిక విషయం. ఆదివారం పొద్దుటి షిఫ్టు పడ్డవాడు పూజకు ఎట్లా వస్తాడు? క్యాంటీన్‌లో అన్నం ముందు వేసుకునే సిలువ గుర్తు దోమను తోలినట్టు ఎందుకుంటుంది? ఈస్టర్ ముందు వచ్చే తపస్కాలం శుక్రవారాల్లో మాంసం మానేసి, కొరమీను పులుసు రెండుసార్లు వడ్డించుకుంటే అది త్యాగమేనా? ఇలాంటి గంభీరమైన ప్రశ్నలు.

పటాన్‌చెరులో ప్రెస్సు నడిపే తౌహీద్ పేరు చూసి సంతోషించాడు.

“సోమవారమంటే శివయ్య పత్రికనా సార్? కవర్ మీదికి మంచి ఫొటో ఉన్నది నా దగ్గర.”

“కాదు తౌహీద్ భాయ్. మా చర్చి పత్రిక.”

“అచ్ఛా. ఆదివారం అని పెట్టకపోయిన్రా మరి? జల్దీ అర్థమైతుండె.”

బాలప్ప పత్రికను కూడా కంపెనీ పద్ధతిలోనే నడిపాడు. ప్రూఫులో తప్పు దొరికితే వైట్‌నర్ పూయనివ్వడు. పాత మాట కనబడేలా దాని మీద ఒకే ఒక గీత. పైన సరైన మాట. పక్కన పొట్టి సంతకం, తేదీ, దిద్దడానికి కారణం. కంపెనీలో కొత్తగా చేరిన ప్రతి కార్మికుడికీ ట్రైనింగ్ క్లాసులో ఈ నియమం నేర్పింది ఆయనే. ఒక కామా తీసేసినందుకు కూడా సంతకం, తేదీ, కారణం చూసి తౌహీద్ జెర పరేషాన్ అయ్యాడు.

ఆఖరి ప్రూఫు మీద మూడు గడులు గీశాడు. రాసినవారు, పరిశీలించినవారు, ఆమోదించినవారు. మొదటి గడిలో తాను సంతకం పెట్టి మిగతా రెంటి కోసం బయల్దేరాడు. ఏడో పేజీ ఎవరో ఒకరు చదివి ఆపేస్తారని ఆయన భయం. చదివి ఏదో ఒకటి అంటారని ఆశ కూడా.

ఏడో పేజీలో ఏముందో చెప్పాలి.

ఆరేళ్ల కిందట కంపెనీలో చిన్నరాములు అని జిన్నారం మనిషి ఒకడు మందు సరుకు కలిపే రియాక్టర్ దగ్గర పనిచేసేవాడు. ఒకరోజు లాగ్ పేజీలో ‘మోటార్ల సప్పుడు తేడా వస్తున్నది, చూడాలె’ అని రాశాడు. బాలప్ప టీ తాగుతూ దాని కింద ‘సరిచూసిన’ అని సంతకం పెట్టాడు. రెండు రోజులకు మోటారు ఆగిపోయి, లోపలి సరుకంతా రాయిలా గడ్డకట్టింది. ముందుగా ఎవరూ చెప్పలేదేమని పై వాళ్లు కేకలు వేశారు. బాలప్ప ఆ పేజీ తీసి మొదటిసారి చదివాడు. చిన్నరాములు చెప్పనే చెప్పాడు. కింద ఉన్నది తన సంతకం.

బాలప్ప చిన్నరాములును పిలిచి ఎదురుగా నిలబెట్టి, ఖాళీ పేజీ ఒకటి తీసి, ఆ ఒక్క వాక్యం తప్ప మిగతాదంతా ఎక్కించాడు. రాశాక “ఫెయిర్ కాపీ, సంతకం పెట్టు” అన్నాడు. సార్ పెట్టమంటే చిన్నరాములు చదువుతాడా? పెట్టేశాడు. పాత పేజీ చిరిగిపోయింది. ముందుగా చెప్పలేదన్న నేరం మీద నాలుగో రోజు చిన్నరాములు ఉద్యోగం ఊడింది. ఇప్పుడు జిన్నారంలో బోరు మోటార్లకు వైండింగ్ చేసుకుంటున్నాడు. సప్పుడు విని రోగం చెప్పేస్తాడని పేరు.

ఆ తర్వాత ఆరేళ్లూ బాలప్ప అటువైపు ఏ పని పడ్డా జిన్నారం తగలకుండా చుట్టు తిరిగి పోయేవాడు. ప్రతి తపస్కాలంలో ఫాదర్ చెవిలో పాపసంకీర్తనం చేశాడు కూడా. ‘సంతకాల విషయంలో కొంచెం అశ్రద్ధ చేశాను ఫాదర్’ అని. ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పమనేవారు. చెప్పేవాడు. అవి చాలేవి కావు.

అందుకే పత్రిక. పన్నెండు పేజీల్లో పదకొండు పేజీలు ఆ ఒక్క పేజీకి చుట్టిన కాగితం. అందులో పేరుతో సహా అంతా రాశాడు. అయితే ఒకచోట మాత్రం ‘కొత్త పేజీ రాస్తూ ఆయన వాక్యాన్ని పొరపాటున వదిలేశాను’ అని వచ్చింది. ఎలా వచ్చిందంటే, ఏం చెబుతాం! ఇరవై ఆరేళ్ల అలవాటు చేతిలో ఉంటుంది.

విచారణ సంఘం, అంటే చర్చి కమిటీ, కార్యదర్శి శౌరిరాజు ప్రూఫును బైకు ట్యాంకు మీద పెట్టుకొని సంతకం చేశాడు. చేశాక అడిగాడు.

“మా గృహప్రవేశం ఫొటో కలర్‌ల వస్తదా, బ్లాక్ అండ్ వైటా?”

“నాలుగో పేజీల కలర్. ఏడో పేజీ ఒకసారి చూడు శౌరన్నా.”

“నువ్వు రాసినవంటే ఇగ చూసేదేముంటది?”

ఫాదర్ గారు పూజ వస్త్రంలోకి ఒక చెయ్యి దూర్చి, రెండో చేత్తో సంతకం పెట్టారు. “మంచి పని చేస్తున్నారు బాలప్ప గారూ, దేవుడు దీవిస్తాడు” అన్నారు. ఏ పనో ఆయనకు తెలియదు. బాలప్పకు తన గది, తన టీ కప్పు గుర్తుకొచ్చాయి. ప్రెస్సులోనైనా ఎవరో చదివి ఉంటారు కదా అనుకొని తౌహీద్‌ను అడిగాడు.

“అక్షరాలు చూస్తం సార్, మాటలు చూడం. మాటలు చూస్తే పని అయితదా?”

మొదటి సంచిక ఆదివారం పూజ అయ్యాక గుమ్మం దగ్గర పంచారు. రెండు వందల ప్రతులు పది నిమిషాల్లో అయిపోయాయి! చూసినవారు తెలుగు పత్రికకు మంచిరోజులు వచ్చాయనే అనుకుంటారు. ప్రతి ఒక్కరూ తమ ఫొటో వెతుక్కున్నారు. దొరికినవాళ్లు దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నారు. దొరకనివాళ్లు శౌరిరాజు గృహప్రవేశం ఫొటోలో తమ మోచెయ్యి ఉందేమోనని చూశారు.

ఇప్పుడు ఆలోచించండి, పాఠకులు లేని పత్రిక ఎన్ని విధాలుగా సేవ చేస్తుందో! మే నెల ఎండలో ప్రసంగం సాగుతుంటే విసనకర్ర. నవదిన ప్రార్థనలప్పుడు నేల మీద ఆసనం. ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులకు తెలుగు రాదు గాని, ముఖచిత్రం మీద మరియమాత ఉందని దాన్ని గది గోడకు అంటించి రోజూ దండం పెట్టుకుంటున్నారు. చదవగలిగినవాడు ఒక్కడైనా ఆ పత్రికకు అంత గౌరవం ఇచ్చాడా?

బాలప్ప మాత్రం ఎదురుచూశాడు. సోమవారం ఫోన్ పక్కనే కూర్చున్నాడు. మంగళవారం ఎవరైనా వచ్చి నిలదీస్తారని జవాబులు సిద్ధం చేసుకున్నాడు. బుధవారం చర్చి వాట్సాప్ గ్రూపులో ‘సోమవారం’ మీద నలభై మూడు మెసేజీలు వచ్చాయి. ఒక్కొక్కటీ చూశాడు. నలభై రెండు చేతులు జోడించిన బొమ్మలు. నలభై మూడోది ‘పండుగ ఫొటోలో మా చెల్లి తల కట్ చేశారు, ఇది న్యాయమా’ అని.

ఒక మనిషి తన పాపాన్ని రెండు వందల ప్రతులు అచ్చువేసి ఊరంతా పంచితే, అది ఇంతకుముందు కంటే భద్రంగా దాగింది. అలమారులో తాళం వేసి దాచినా అంత భద్రత ఉండదు. ఈ సౌకర్యం ఇంకే మాధ్యమంలో ఉంది? నాకు తెలిసి బాలప్ప సంతోషించాలి. కానీ ఆయనకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

ఇక్కడిదాకా నా వాదన సాఫీగా సాగింది. దీన్ని పాడు చేసింది ఆయన భార్య లూర్దమ్మ.

లూర్దమ్మ మరియ సేనాదళంలో సభ్యురాలు. ఆ దళానికి ఒక పద్ధతి ఉంది. వారానికోసారి ఇద్దరిద్దరు జతగా ఎవరో ఒకరి ఇంటికి వెళ్లి, కష్టసుఖాలు కనుక్కొని, మీటింగులో లేచి నిలబడి రిపోర్టు చెప్పాలి. ఏ మతం వాళ్లని చూడరు. ఆ గురువారం ఆమె సాయంత్రానికి ఇల్లు చేరి, చెప్పులు విడిచి, సంచిలోంచి ‘సోమవారం’ ప్రతి ఒకటి తీసి బాలప్ప టీ కప్పు పక్కన పెట్టింది.

“జిన్నారం పోయొచ్చిన.”

బాలప్ప కప్పు కింద పెట్టాడు. ఆమె పత్రిక చదివిందని ఆయనకు తెలియదు. అడగను కూడా లేదు.

“నువ్వు చదివినవా?”

“మనింటి కాగితం నేను చదవకుంటనా? ఆదివారం పొద్దుగూకకముందే చదివిన. నువ్వే పోతవేమోనని బుధవారం దాక చూసిన.”

“ఆయనేమన్నడు?”

“ఏమనలే. రెండుసార్లు చదివిండు. పెన్ను అడిగిండు. వాళ్ల ఇంటామె చాయ్ పోసింది.”

బాలప్ప ఏడో పేజీ తీశాడు. ‘పొరపాటున’ అన్న మాట మీద ఒకే ఒక గీత. కింద పాత మాట స్పష్టంగా కనబడుతోంది. పైన గుండ్రటి అక్షరాలతో ‘తెలిసే’ అని ఉంది. పక్కన పొట్టి సంతకం, తేదీ. ట్రైనింగ్ క్లాసులో నేర్పింది ఒక్కటీ తప్పలేదు. చివర కారణం కూడా రాశాడు: ‘అప్పుడు నేను అక్కడనే ఉన్న.’

బాలప్ప ఆ పేజీని చాలాసేపు చదివాడు. నిజానికి మారింది ఒక్క మాటే. ఇరవై ఆరేళ్లలో ఆయన చేతికి వచ్చిన కాగితాల్లో పూర్తిగా సరైనది అదొక్కటే. ఆయన ఏడ్చాడు. లూర్దమ్మ చూడనట్టు టీ మళ్లీ వెచ్చబెట్టడానికి లోపలికి పోయింది.

కాబట్టి నా మాట వినండి. పాఠకుడనేవాడు చాలా ప్రమాదకరం! ఇంటి మనిషిని లెక్కలోంచి తీసేస్తే, రెండు వందల మందిలో ఒక్కడుంటేనే, అరవై ఏళ్ల మనిషి సోమవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకొని, చుట్టు తిరిగే దారి మానేసి, తిన్నగా జిన్నారం బస్సెక్కాల్సి వచ్చింది. ఇద్దరు ముగ్గురు ఉంటే ఏమయ్యేదో!

చిన్నరాములు దుకాణంలో మోటారు విప్పుకొని కూర్చున్నాడు. బాలప్పను చూసి లేవలేదు. స్టూలు మాత్రం కాలితో ఇటు జరిపాడు. బాలప్ప కూర్చొని రెండో సంచిక ప్రూఫు తీశాడు. అందులో ఏడో పేజీ మళ్లీ వేశాడు, చిన్నరాములు గీసిన గీతతో సహా ఉన్నదున్నట్టు. కింద తన మాట ఒకటి చేర్చాడు: ‘ఈ దిద్దుబాటు నిజం. క్షమించమని అడుగుతున్నాను.’ ఆ కింద మూడు గడులు. శౌరిరాజు దగ్గరికి గాని, ఫాదర్ గారి దగ్గరికి గాని పోలేదు. పరిశీలించినవారు, ఆమోదించినవారు అన్న గడులు రెండూ ఖాళీగా ఉన్నాయి.

“నువ్వు సంతకం పెడితేనే అచ్చుకిస్త” అని కలం తీసి ముందుకు చాపాడు.

చిన్నరాములు చేతుల గ్రీజు బట్టకు తుడుచుకున్నాడు. జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు. ప్రూఫు తీసుకున్నాడు గాని కలం తీసుకోలేదు.

“కలం నీ దగ్గరనే ఉండనియ్యి సార్” అన్నాడు. “ఈసారి ముందుగాల చదవనియ్యి.”