ఓపల్‌గారి పుట్టినరోజు, హార్లన్ కార్బురేటర్

ఆ ఆదివారానికి హార్లన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య నోరీన్‌నీ, అత్తగారు ఓపల్‌నీ, ఆవిడ పుట్టినరోజు కేకునూ చెక్క పడవలో ఎక్కించుకుని మధ్యాహ్నానికల్లా సరస్సు నడుమనున్న దీవి చేరాలి. చర్చి వాళ్ళందరూ అక్కడ బంగాళాదుంప సలాడ్‌తో ఎదురుచూస్తుంటారు. పడవ కీర్తిశేషులైన మామగారు స్వయంగా కట్టింది. ఇంజను పడవ నడుమ చెక్కపెట్టెలో ఉంటుంది. అది హార్లన్ కంటే పెద్దది, అతనికంటే మొండిది కూడా.

"అమ్మ ఎక్కాక ఇది నడినీళ్ళలో ఆగిందనుకో," అంది నోరీన్, కేకు డబ్బాకి దారం కడుతూ, "రేపే ఇంటి ముందు పెట్టి మట్టి నింపి జెరేనియం మొక్కలు నాటేస్తా. ఒట్టు!"

ఉత్త బెదిరింపని తీసిపారెయ్యడానికి లేదు. మిషిగన్ ఉత్తర కొసనున్న ఆ ఊళ్ళో చచ్చిన పడవల గతి అంతే. వీధి పొడుగునా ఇళ్ళ ముందు పూల పడవలే. స్నేహితుడు డెల్బర్ట్ పడవ కూడా వాటిలో చేరి రెండేళ్ళయింది. దాని పక్కనుంచి వెళ్ళాల్సొస్తే హార్లన్ మొహం అటు తిప్పుకునేవాడు.

అందుకే, ఆ ఏడు ఇంకా ఒక్కసారీ నడపలేదు గనక, పొద్దున్నే ఒకసారి తిప్పి చూద్దామని బయల్దేరాడు. ఇంజను పెట్టె మూత ఎత్తి, లోపల పెట్రోలు ఆవిరి నిలిచిందేమోనని ముక్కు పెట్టి వాసన చూసి, తాళం తిప్పాడు. ఇంజను హాయిగా గుర్రు పెట్టింది. ఒక పావుగంట పోయిందో లేదో రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు అయిపోయిందా అని ట్యాంకు మూత విప్పి చూశాడు. కావలసినంత ఉంది. మూత బిగించి మళ్ళీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు నడిచింది.

రేవుకి చేరి ఇంజను పెట్టె తెరవడమే అతను చేసిన తప్పు. ఆ రేవులో ఎవరి ఇంజను మూత లేచినా, చుట్టుపక్కల మగాళ్ళందరూ కాఫీ కప్పుతో వచ్చి తలా ఒక మాట అనాలి. అది మర్యాద. రాకపోతే తప్పుపడతారు.

"కార్బురేటరే," అన్నాడు డెల్బర్ట్, ఇంకా చూడకుండానే. "లోపల తేలే ఫ్లోట్ ఇరుక్కుంది. జాగ్రత్తగా రెండు తగిలించాలి." స్క్రూడ్రైవర్ పిడితో టకటకలాడించి, "పెట్రోలుందా అసలు?" అని ట్యాంకు మూత విప్పి చూసి బిగించాడు. ఇంజను కదిలింది. "చూశావా! దెబ్బకి దారికొచ్చింది!"

ఇద్దరూ ఉత్సాహంగా సరస్సులోకి వెళ్ళారు. తిరిగి వచ్చింది మాత్రం చేపలవాళ్ళ పడవ వెనక, తాడు కొసన.

రేవులో ప్లంబర్ రూడీ చేతులు కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "దాన్ని కొడతారట్రా ఎవరైనా? అది కార్బురేటరా, డోలా? లోపల మురికి పేరుకుంది. విప్పి కడగాలి."

విప్పారు. చిన్న చిన్న ముక్కలు పారిపోకుండా వెయ్యడానికి ఏదైనా గిన్నె కావాలన్నాడు రూడీ. కంగారులో హార్లన్ చేతికి దొరికింది, పొద్దున్నే కేకుతో పాటు పడవలో సర్దిపెట్టిన నోరీన్ సలాడ్ గిన్నె. అందులోని సలాడ్ కాస్తా కూలింగ్ పెట్టె మూతమీదికి వెళ్ళింది. విప్పేటప్పుడు మధ్యనుండే గ్యాస్కెట్ అట్ట రెండుగా చిరిగింది. ఆదివారం కొట్లుండవు. రూడీ చుట్టూ చూశాడు. అతని చూపు ఎక్కడ ఆగిందో గ్రహించి హార్లన్ కేకేశాడు.

"కేకు డబ్బా వద్దురా బాబూ! చంపేస్తుందిరా!"

"మూత ఒక్కటే. ఇలాంటి గట్టి అట్ట కొట్లో కూడా దొరకదు."

కత్తిరించారు, బిగించారు. "పెట్రోలు చూసుకున్నావా?" అంటూ రూడీ ట్యాంకు మూత విప్పి తొంగిచూసి బిగించాడు. ఇంజను లేడిపిల్లలా లేచింది. రూడీ డెల్బర్ట్ వైపు చూసిన చూపు చెప్పనలవికాదు.

సరిగ్గా అప్పుడే నోరీన్ తల్లిని తీసుకుని రేవులోకి దిగింది. మూతలేని కేకు చూసింది. మూతమీది సలాడ్ చూసింది. గిన్నె వాసన చూసింది. "తర్వాత మాట్లాడతా," అంది. తమ వైద్యం ఫలితం కళ్ళారా చూడాలని డెల్బర్ట్, రూడీ కూడా ఎక్కి కూర్చున్నారు.

దీవి కనిపిస్తోందనగా ఇంజను దగ్గింది. ఆగింది.

"గ్యాస్కెట్ తిన్నగా వెయ్యలేదు," అన్నాడు డెల్బర్ట్. "ఫ్లోట్‌ని కొట్టి కొట్టి సొట్టపెట్టింది ఎవరో?" అన్నాడు రూడీ. వాళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు లేస్తుండగా ఆకాశం నుంచి గల్ అనే తెల్ల నీటిపక్షి ఒకటి దిగి, తీరిగ్గా కేకు మీద వాలి, 'ఓపల్' అన్న అక్షరాల్లో సగం తినేసింది.

"పోన్లే, నా వయసుకి సగం పేరు చాలు," అంది ఓపల్.

హార్లన్‌కి ఏడుపొచ్చినంత పనయింది. మామగారు పోయే ముందు పడవ తాళం అతని చేతిలోనే పెట్టాడు. ఆ నమ్మకాన్ని మొక్కల పాలు చేస్తున్నానే అని కుమిలిపోయాడు. నోరీన్ కేసి చూసే ధైర్యం లేక పడవ వెనక వైపు చూశాడు. నోరీన్ అక్కడే, అంచు మీదికి వంగి ఉంది.

ఆ అంచు కింద, పడవ పక్కగోడకి చిన్న ఇత్తడి కన్నం ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకు దాని గుండానే గాలి పీల్చుకోవాలి. వసంతంలో వార్నిష్ వేసేటప్పుడు లోహపు ముక్కలకి అంటకుండా టేపు అంటించడం నోరీన్ పని. హార్లన్ వేస్తే చారలు పడతాయని ఆ పని ఎవరికీ ఇవ్వదు. ఆ కన్నం మీద టేపు ఇంకా ఉంది. దాని మీద అద్దంలాంటి వార్నిష్ పూత. ఊపిరాడక ట్యాంకు పెట్రోలు వదలడం లేదు; మూత విప్పినప్పుడల్లా గాలి దూరి, మళ్ళీ కాసేపు బతుకుతోంది!

నోరీన్ గోటితో మెల్లగా గీకింది. టేపు ఊడింది. ట్యాంకు సుయ్‌మని ఊపిరి పీల్చుకుంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. టేపు ముక్కని జేబులో కుక్కుకుని చటుక్కున వెనక్కి తిరిగింది. హార్లన్ అంతకంటే చటుక్కున ఆకాశం వైపు చూశాడు.

"ఏదీ, ఇంకోసారి తిప్పి చూడు," అంది, ఎప్పుడూ లేనంత మెత్తగా.

తిప్పాడు. నడిచింది. మరి ఆగలేదు.

"ఫ్లోట్ సర్దుకుంది!" "గ్యాస్కెట్ తడిసి బిగిసింది!" అని వెనక ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు.

"మొత్తానికి మంచి పడవే," అంది నోరీన్ నీళ్ళకేసి చూస్తూ. "ఇంటి ముందు దీనికి చోటెక్కడుందిలే. పైగా నాన్న గుర్తు... ఉంచుదాం."

"ఇన్ని తిప్పలు పెట్టింది, ఏమనుకోవు కదా?" అన్నాడు హార్లన్.

"కార్బురేటర్ కదా. దాని తప్పేముంది."

"అవును. పాత కార్బురేటర్లతో ఎప్పుడూ ఇంతే," అన్నాడతను, సుఖంగా. ఆ క్షణాన భార్య మీద అతనికి కలిగిన ప్రేమ పెళ్ళిరోజున కూడా కలగలేదు.

దీవి దగ్గర అత్తగారిని చెయ్యి పట్టి దింపుతుంటే ఆవిడ అతని చెవి దగ్గరికి వంగింది.

"చూశావు కదూ?"

"ఏమిటి అత్తయ్యా?"

ఆవిడ అతని మొహంలోకి చూసి, "మంచివాడివి నాయనా," అంది.

అల్లుడైన ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదలు. కాకపోతే దానికి పెట్రోలు బాగానే ఖర్చయింది.