మా తోడల్లుడి దిగులుకు కంపెనీ వైద్యం

ఉద్యోగుల మనశ్శాంతిని కంపెనీలు పట్టించుకోవడం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పట్టించుకుంటున్నాయి. ఒకసారి పట్టుకున్నాక వదలడం కూడా లేదు!

కావాలంటే మా తోడల్లుడిని చూడండి. పార్సిళ్లు చేరవేసే కంపెనీలో ఫిర్యాదుల విభాగం ఆయనది. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంటే చాలు, ఎవరి మిక్సీ పగిలి వచ్చినా, ఎవరికి రెండూ ఎడమకాలి చెప్పులే అందినా తిట్లు మాత్రం ఆయనకు చేరతాయి. పార్సిళ్లు ఆలస్యమవుతాయేమో గానీ తిట్లు ఏనాడూ ఆలస్యం కాలేదు. పొద్దుపోయి ఇంటికొచ్చి మంచం ఎక్కినా, పాపం, కునుకు పట్టదు. కళ్లు మూసుకుంటే ఇంకా ఎవరో లైన్లో ఉన్నట్టే ఉంటుందట. మొన్న మా మరదలు కాఫీ కలపనా అని అడిగితే, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ" అన్నాడట.

సరిగ్గా అప్పుడే కంపెనీ ఒక కౌన్సెలర్‌ను నియమించింది. ఆ గది చూడాలి మీరు! లేత నీలం గోడలు, మెత్తటి సోఫా, ఎదురుగా గొంతు పెంచని మనిషి.

మావాడు వెళ్లి ఉన్నమాట చెప్పాడు. "నిద్ర పట్టట్లేదు మేడమ్. ఆరింటికల్లా ఇంటికి పంపిస్తే చాలు, నేను బాగుపడతాను."

ఆవిడ నొచ్చుకుంది. "ఆఫీసు విషయాలు నా పరిధిలోకి రావండీ. అవి మేనేజరుగారు చూసుకుంటారు. ఇంకేదైనా బాధ ఉంటే చెప్పండి."

ఇంకే బాధా లేదంటే లేచి వెళ్లి హెడ్‌ఫోన్ తగిలించుకోవాలి. సోఫా చూస్తే మెత్తగా ఉంది. మీరైతే ఏం చేసేవారు? మావాడు గొంతు సవరించుకుని, "మా ఆవిడతో కొంచెం ఇబ్బందేనండీ" అన్నాడు. అరగంట కూర్చోనిచ్చారు.

ఈ కిటుకు విభాగమంతా పాకింది. ఒకాయన నెపం అత్తగారి మీద పెట్టాడు. ఒకావిడ మొగుడి గురకను బయటపెట్టింది. ఇంకా పెళ్లికాని ఒకతను, తిట్టడానికి ఎవరూ దొరక్క, చేసుకోబోయే ఆవిడ మీద ముందుగానే ఫిర్యాదు చేసి వచ్చాడు.

కౌన్సెలర్ పంపిన నివేదికలు చూసి యాజమాన్యం తల పట్టుకుంది. ఆలోచించగా ఆలోచించగా తేలిందేమిటంటే, మన ఉద్యోగులను వాళ్ల ఇళ్లే పీల్చి పిప్పి చేస్తున్నాయి! కన్నతల్లి లాంటి కంపెనీ చూస్తూ ఊరుకుంటుందా? ఇంట్లో గడిపే సమయం తగ్గితే దిగులూ తగ్గుతుందని పని గంటలు మరో రెండు పెంచింది. దీన్ని దయ అనక ఏమనాలి?

మా మరదలు ఆ దయను తట్టుకోలేకపోయింది. ఒక మధ్యాహ్నం తిన్నగా ఆ గదికే వెళ్లింది.

"మావారిని నేను ఏడిపిస్తున్నానటండీ" అంది కౌన్సెలర్‌తో. "ఏ విషయంలోనో తెలుసుకుందామని వచ్చాను. పోట్లాడ్డానికైనా మనిషి ఇంట్లో ఉండాలి కదా. ఓ అరగంట ఆయన్ని ఇలా పంపించండి."

పిలిపించారు. మావాడు తప్పు చేసిన మొహంతో వచ్చి పక్కన కూర్చున్నాడు. క్షమాపణ చెప్పడమే ఆయన ఉద్యోగం గానీ, ఆ పూట చొక్కా గుండీ తిప్పుకోవడంతోనే సరిపోయింది. మా మరదలు కడిగేద్దామనే వచ్చింది. కానీ లోపలికి పోయిన ఆ కళ్లను పగటి వెలుగులో చూసి చాలా రోజులైంది. "ఏమైనా తిన్నారా?" అని మాత్రం అడిగింది. ఆ మాట వింటూనే ఆయన ఆవిడ భుజం మీదకు ఒరిగి నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, ఒళ్లు తెలియని నిద్ర. మా మరదలు కదల్లేదు. ఎక్కడ లేస్తాడోనని, కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు.

కౌన్సెలర్ కంగారుపడి మేనేజరును వెంటబెట్టుకొచ్చింది. ఆయన గుమ్మంలోనే ఆగి, ఇద్దరినీ చూసి, జాలిగా తల పంకించాడు.

"చూశారా, ఆవిడ వచ్చి కూర్చోగానే మనిషి ఎలా పడిపోయాడో" అన్నాడు. "ఇంట్లో ఇంకెంత నరకమో పాపం. వచ్చే వారం నుంచి ఆదివారాలు కూడా రమ్మందాం."