డాలరుకు ఎనిమిది మార్కులు తక్కువ

క్లైడ్ నార్త్ తెలుగు ప్రాచీన సువర్ణ డాలర్ల సంఘం తన తదుపరి అధ్యక్షుడిని ఓట్లతో కాక మార్కులతో ఎన్నుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఓట్లయితే ఎవరు ఎవరికి వేశారో తెలియక స్నేహాలు చెడతాయి. మార్కులయితే అందరికీ తెలిసే చెడతాయి.

సంఘం సంగతి ఎరగనివారి కోసం రెండు ముక్కలు. అమెరికా ప్రభుత్వం 1849 నుంచి నలభై ఏళ్ళపాటు చొక్కా గుండీ అంతేసి బంగారు డాలర్లు ముద్రించింది. మెల్‌బోర్న్ కొసన ఈ క్లైడ్ నార్త్‌లో కొత్తిళ్ళు కట్టుకున్న తెలుగువారికి వాటితో ఏం పని అని కొందరు అజ్ఞానులు అడుగుతుంటారు. సభ్యులు ఇరవై నలుగురిలో పంతొమ్మిది మంది ఒకప్పుడు అమెరికా వీసా ఇంటర్వ్యూకి వెళ్ళి మూడు నిమిషాల్లో బయటికి వచ్చినవారు. తమను రానివ్వని దేశం నుంచి డాలరునే రప్పించి, పెట్టెలో పెట్టి తాళం వేయడంలో ఉన్న తృప్తి ఆస్ట్రేలియా పౌరసత్వంలో కూడా లేదని వారి అనుభవం.

ఈ నాణేలకు విలువ కట్టే పద్ధతి మనవాళ్ళ కోసమే కనిపెట్టినట్టుంటుంది. నాణేన్ని అమెరికాలోని పరీక్షా సంస్థకు పంపితే, వాళ్ళు భూతద్దంలో చూసి, డెబ్బైకి ఇన్ని అని మార్కులు వేసి, ప్లాస్టిక్ డబ్బీలో బిగించి తిప్పి పంపుతారు. మార్కులను బట్టి ధర, ఇకమీదట మా సంఘంలో అధ్యక్షుడి కుర్చీ కూడా. పరీక్ష, నిరీక్షణ, ఫలితాలు, పక్కింటివాడితో పోలిక, ఇన్ని సుఖాలూ ఒకేచోట దొరికే వ్యసనం మరొకటి లేదు.

శేషగిరి దగ్గరున్నది 1853 నాటి డాలరు. అతను నీటి మీటర్ల కంపెనీలో సీనియర్ అనలిస్టు, నలభై ఆరేళ్ళవాడు, నెమ్మదస్తుడు. పుట్టి బుద్ధెరిగి దేనిలోనూ ఫస్టు రాలేదు. మామూలుగా అయితే ఇది పైకి చెప్పుకోనక్కర్లేని బాధ. కానీ క్లైడ్ నార్త్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు బార్బెక్యూ పొయ్యి దగ్గర కలిస్తే పేరు, ఊరు అయ్యాక ఎంసెట్ ర్యాంకు అడగడం మర్యాద. తోటి సభ్యుడు మల్లికార్జున తన మూడొందల పన్నెండో ర్యాంకును ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. శేషగిరి మాత్రం ఆ మాట రాగానే చికెన్ ముక్కలు తిరగెయ్యాలని లేచి వెళ్ళిపోతాడు. అధ్యక్షుడైతే ఆ ప్రశ్న తనను ఇక ఎవరూ అడగరని అతని ఆశ. చిన్న ఆశే, కానీ అతను ఏళ్ళ తరబడి దాచుకున్నది అదొక్కటే.

శేషగిరి డాలరుకు అరవై రెండు వచ్చాయి. మల్లికార్జున డాలరుకు అరవై నాలుగు.

ఆ వారం శేషగిరి ఇంటికి పరామర్శకు వచ్చినవారి కార్లు వీధి మలుపు దాకా ఆగాయి. నూట డెబ్బై ఏళ్ళు జేబులు మారి, సముద్రాలు దాటి వచ్చిన నాణెం అరవై రెండు తెచ్చుకుందంటే గొప్పేనని ఎవరూ అనలేదు. మిగతా ఎనిమిదీ ఏమయ్యాయని అడిగారు. ఒకావిడ రీకౌంటింగ్ పెట్టించమంది. ఇంకొకావిడ, ఇంట్లో తల్లి శ్రద్ధ పెడితే ఇలా జరగదంటూ శేషగిరి భార్య నీరజ వైపు చూసింది. నీరజ అందరికీ కాఫీలిచ్చి, డాలరుకు దిష్టి తీసింది.

ఈ ఆపత్సమయంలో కోటేశ్వరరావు అంకుల్ ఆదుకున్నాడు. గుంటూరులో ముప్పై రెండేళ్ళు కెమిస్ట్రీ చెప్పి, రిటైరై కొడుకు దగ్గరికి వచ్చి, ఇక్కడ పాఠం చెప్పడానికి మనిషి దొరక్క చిక్కిపోతున్న మహానుభావుడు. కొడుకు గ్యారేజీలో డాలర్లకు కోచింగ్ ప్రారంభించాడు.

"సోదరులారా, తెలివితక్కువ నాణెమంటూ లోకంలో లేదు. తోమే గురువు దొరకని నాణెం ఉంది," అని ఆయన ప్రారంభోపన్యాసంలో ప్రకటించాడు. "నాణేనికైనా నరుడికైనా రుద్దుడే వృద్ధి. మీ డాలరును ఆరు వారాలు నాకు అప్పగించండి. డెబ్బైకి డెబ్బై తెచ్చి మీ చేతిలో పెడతాను."

సిలబస్ శాస్త్రీయంగా ఉంది. మొదటి వారం ప్లాస్టిక్ డబ్బీ పగలగొట్టడం. రెండో వారం చింతపండు గుజ్జులో నానబెట్టడం. తరవాత కుంకుడు రసం, పళ్ళపొడి, పట్టుచీర కొంగుతో మెరుగు. ఆరో వారం రివిజను, అంటే మళ్ళీ చింతపండు. వెనకబడిన నాణేలకు ఆదివారం ఆర్వోలో, అంటే ఇక్కడి భాషలో మధ్యాహ్నం పూట, స్పెషల్ క్లాసు. ఇరవై ముగ్గురు సభ్యులు చేరారు. అరవై నాలుగు వచ్చిన మల్లికార్జున ముందుగా చేరాడు.

ఆటంకాలు రాకపోలేదు. శేషగిరికి డాలరు అమ్మిన సిటీ నాణేల కొట్టు ముసలాయన, దీన్ని తుడవకు, రుద్దకు, ఆ మసకలోనే దీని ధర ఉందని మొదటే చెప్పాడు. అయితే ఆయన కొడుకుల్లో ఒకడు ప్లంబరు, మరొకడు సర్ఫింగ్ నేర్పుతాడు. ఇద్దరూ సుఖంగా ఉన్నారని ఆయన గర్వంగా చెప్పుకున్నాడు కూడా. అటువంటి తండ్రి సలహా పాటించడం శేషగిరికి క్షేమమనిపించలేదు.

పదకొండో తరగతి చదువుతున్న కూతురు తేజస్విని ఫోన్లోంచి తలెత్తింది. "డాడ్, ఆ మార్కులేసేవాళ్ళ సైట్‌లో ఫస్ట్ లైనే అది. డోంట్ క్లీన్ ఇట్."

"అది మామూలు పిల్లల కోసం రాసుంటార్లేమ్మా," అన్నాడు శేషగిరి, చింతపండులోంచి చెయ్యి తియ్యకుండానే.

పరీక్షకు పంపేరోజు డాలరు గడప దాటుతుంటే నీరజ ఎదురొచ్చింది. కొరియర్ రసీదు సరస్వతీదేవి పటం దగ్గరికి చేరింది.

ఏడు వారాలకు ఫలితం వచ్చింది. కొత్త డబ్బీలో డాలరు ధగధగా మెరుస్తోంది, కానీ మార్కులుండాల్సిన చోట అంకె లేదు. కడిగిన నాణెమని మాత్రం రాసి ఉంది. కడిగినవాటికి ఆ సంస్థ మార్కులివ్వదట. అంటే ఇక దాని ధర ఇంచుమించు కరిగిస్తే వచ్చే బంగారమంత, అదీ రెండు గ్రాములు తూగదు. శేషగిరికి ఏడుపొచ్చింది. డబ్బు పోయినందుకు కాదు, ఇప్పుడు తను దాచాల్సినవి రెండయ్యాయి.

సర్వసభ్య సమావేశంలో డబ్బీ బల్లమీద పెట్టాడు. మల్లికార్జున కూడా పెట్టాడు. ఇరవై మూడు డబ్బీలు, ఒక్కదానికీ అంకె లేదు. శేషగిరికి ఎంత హాయి కలిగిందంటే, మల్లికార్జునను గట్టిగా కౌగిలించుకున్నాడు.

అప్పుడు వెనక వరసలోంచి కాంత ఆంటీ తన డబ్బీ తెచ్చి పెట్టింది. ఆమెది ఫిజీ నుంచి వచ్చిన తెలుగు కుటుంబం. ఆమె డాలరుకు అరవై అయిదు. ఎప్పుడో వచ్చాయని, తననెవరూ అడగలేదని, తను నాణేన్ని సొరుగులో పెట్టి ఊరుకోవడం తప్ప ఏమీ చెయ్యలేదని చెప్పింది. కార్యవర్గం నియమావళిని నిశితంగా పరిశీలించింది. అధ్యక్ష అభ్యర్థి ఎంసెట్ హాల్ టికెట్ నంబరు విధిగా సమర్పించాలి. ఫిజీలో ఎంసెట్ లేదు. కనుక కుర్చీ ఖాళీగా ఉంచడమైనది.

మర్నాడే కోటేశ్వరరావు అంకుల్ రంగుల ప్రకటన అందరి ఫోన్లకూ వచ్చింది. మధ్యలో కాంత ఆంటీ ఫోటో, కింద "అరవై అయిదు! మా ఆణిముత్యం!" అని, ఇంకా కింద చిన్న అక్షరాల్లో ఇరవై మూడు ఫలితాలు నిలుపుదలలో ఉన్నాయని. ఇటువంటి ఫోటోలు చూసి మన పిల్లల్ని చేర్పించిన మీకూ నాకూ ఇందులో వింతేమీ కనిపించదు. ఈ బ్యాచ్ నుంచి నాణేలతో పాటు పదకొండు, పన్నెండు తరగతుల పిల్లల్ని కూడా తీసుకుంటారు.

శనివారం పొద్దున్నే గ్యారేజీ నుంచి పార్కు దాకా బారు తీరింది. ఆరింటికే వచ్చిన శేషగిరికి ఒకటో నంబరు టోకెను దొరికింది. వెనక రెండో నంబరుతో మల్లికార్జున. శేషగిరి టోకెనుకు ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు, కళ్ళు చెమర్చాయి. తరవాత ఫారం నింపాడు. అభ్యర్థి పేరు: తేజస్విని. వయసు: పదహారు. మామూలుగా తోమాలా, గట్టిగా తోమాలా అన్న గడి దగ్గర ఒక్క క్షణమైనా ఆలోచించకుండా "గట్టిగా" మీద టిక్కు పెట్టాడు.