కృష్ణయ్య రీడ్లు, అత్తగారి నాలుక

పొద్దున ఎనిమిదింటికల్లా వ్యానెక్కి నందిగామ పెళ్ళికి వెళ్ళాలి. అక్కడ బాగా వాయిస్తే జగ్గయ్యపేట మేళంలో ముందు నిలబడే చోటు కృష్ణయ్యది. తేడా వస్తే అదే మేళంలో కుర్ర క్లారినెట్ నవీన్‌బాబుది. అందుకే క్లారినెట్ రీడ్లు నాలుగూ రాత్రే మంచినీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, వాష్‌బేసిన్ పక్కన అద్దం ముక్క మీద ఆరబెట్టాడు. క్లారినెట్ మూతికి బిగించి ఊదే బద్దలవి, నెలరోజులు వాయించి దారికి తెచ్చుకున్న పల్చటివి.

తెల్లారి చూస్తే అద్దం ముక్క ఖాళీ. బేసిన్‌లో విరిగిన ముక్కలు.

"ఏమే రాజ్యశ్రీ! నా రీడ్లు ఎవరు విరిచారే?" ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

వత్సవాయి నుంచి నిన్ననే మొదటిసారి వచ్చిన అత్తగారు సీతారావమ్మ తీరిగ్గా మూతి తుడుచుకుంది. "నాలిక బద్దలేగా బాబూ? నిన్న మీరు నాలిక మీద పెట్టుకుంటుంటే చూసా. ఏం బద్దలో ఏమో, వంచితే చాలు, పుటుక్కున విరుగుతున్నాయ్!"

కృష్ణయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. అత్తగారిని అనలేక పెళ్ళాం మీద పడ్డాడు. "ఈ ఇంట్లో నా వస్తువు నాకు మిగలదా?"

"మా అమ్మొచ్చి రోజు కాలేదు, అప్పుడే బరువైపోయిందా?" రాజ్యశ్రీ ఏడుపు అందుకుంది. సీతారావమ్మ సంచీ తీసుకుని బస్టాండుకు నడిచింది. "నేనూ వస్తున్నానమ్మా" అంటూ రాజ్యశ్రీ. వాళ్ళ వెనక క్లారినెట్ పెట్టెతో, లోపల పళ్ళు నూరుతూ, పైకి "అత్తయ్యా, ఆగండి!" అని బతిమాలుతూ కృష్ణయ్య. నడిబజార్లో జనం పోగయ్యారు. అంతలో మేళం వ్యాన్ వచ్చి, నడిరోడ్డు మీద రచ్చ వద్దని ముగ్గుర్నీ ఎక్కించుకుంది.

"రీడ్లు లేవా అన్నా? పర్లేదులే, ముందు నేను నిలబడతా" అని నవీన్‌బాబు పళ్ళికిలించాడు.

"నోర్ముయ్యరా వెధవా!"

నందిగామలో కొట్లన్నీ తిరిగినా రీడు దొరకలేదు. ఎదుర్కోలుకు వేళయింది. కృష్ణయ్య పెట్టె మూసుకుని కనపడ్డవాణ్ణల్లా తిడుతున్నాడు. దారిపొడుగునా అలిగి కూర్చున్న సీతారావమ్మ కూతురి ఏడుపు చూడలేక సంచీలో చెయ్యి పెట్టింది.

"ఇంద బాబూ. ఇదొక్కటీ గట్టిది. పొద్దున దీంతోనే నాలిక గీసుకుని దాచుకున్నా."

కృష్ణయ్య ఆ బద్దను చూశాడు. ముందు వరుసలో చొక్కా సర్దుకుంటున్న నవీన్‌బాబును చూశాడు. పంపు దగ్గరకెళ్ళి కడిగాడు. మళ్ళీ కడిగాడు. ఇంకోసారి కడిగి, ఒళ్ళు మండిపోతుంటే కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

ఆ కోపమంతా వాయిద్యంలోకి పోయింది. పెళ్ళికొడుకు కారు దిగడం మర్చిపోయి విన్నాడు. నవీన్‌బాబు తనంతట తనే వెనక్కి జరిగాడు.

సీతారావమ్మ పక్కకొచ్చి నిలబడింది. "అయ్యాక ఇచ్చెయ్యండి బాబూ, రేప్పొద్దున మళ్ళీ కావాలి."

కృష్ణయ్య గుడ్లురిమి ఇంకా గట్టిగా ఊదాడు. తిడదామంటే నోరు ఖాళీగా లేదు.